వెనుక మిగిలినవారి కొరకు

(శతజయంతి ఉత్సవములలో పురుషుల సహవాస కూటము నాటి సాయంకాలము చేసిన ప్రసంగ పాఠము)



శతజయంతి సభలో మాట్లాడమని పెద్దలు మమ్మును పిలిచినప్పుడు, నూరేండ్ల చరిత్రలో నుండి ఏదో ఒక ఘట్టము ఎత్తి చెబుతామని అనుకొని ఉంటారు. మొదటి బాప్తిస్మములు, మొదటి బడి, మొదటి ఆసుపత్రి, కరువు కాలములో తవ్వించిన బావులు, ఇవన్నీ మాకంటే బాగా తెలిసిన పెద్దలు ఈ సంచికలో వ్రాస్తున్నారు. అందుచేత మేము ఈ సాయంకాలము మీకు ఒక తోటమాలి సంగతి చెప్పదలచాము. ఆయన మన దేశస్థుడు కాడు. మన ప్రాంతమునకు ఎన్నడూ రాలేదు. పట్టభద్రుడు కాడు, బోధకుడు కాడు. ఇంగ్లండులో ఒక చిన్న సహవాసములో ఆదివారపు బడి పిల్లలకు పాఠము చెప్పిన మనిషి. ఆయన పేరు విలియం హెరాల్డ్ కోల్ట్‌మన్.

యుద్ధము కథ దేవుని మందిరములో ఎందుకని కొందరికి తోచవచ్చు. చివరి వరకు ఓపికతో విని, ఆ తరువాత నిర్ణయించుడని మనవి.

కోల్ట్‌మన్ 1891 నవంబరు 17న ఇంగ్లండులో స్టాఫర్డ్‌షైర్ జిల్లాలోని రేంజ్‌మోర్ అనే పల్లెలో జన్మించారు. దగ్గరలోని పట్టణము బర్టన్. బీరు తయారీకి ఆ ఊరు ప్రసిద్ధి. ఈయన మాత్రము మొక్కలకు నీళ్లు పోసి, కలుపు తీసి జీవించినవాడు. బ్రదరన్ సహవాసమునకు చెందిన విశ్వాసి. ఈ సహవాసము మన తెలుగువారికి కొత్తది కాదు. 1836లో ఇండియాకు వచ్చి గోదావరి డెల్టాలో, నర్సాపురము ప్రాంతములో సువార్త పని ప్రారంభించిన బౌడెన్, బీర్ అనే ఇద్దరు దైవజనులు ఆ సహవాసపు వారే. ఆడంబరము లేని ఆరాధన, వాక్యము పట్ల భక్తి, ఎవరి చేతి కష్టముతో వారు బ్రదకడము, ఇవి వారి గుణములు. కోల్ట్‌మన్ అటువంటి వాతావరణములో పెరిగారు.

మొదటి ప్రపంచ యుద్ధము 1914 ఆగస్టులో ఇంగ్లండును తాకింది. 1915 జనవరిలో కోల్ట్‌మన్ సైన్యములో చేరారు. ఇక్కడ ఒక సంగతి గమనించవలెను. అప్పటికి ఇంగ్లండులో నిర్బంధ సైనిక చట్టము లేదు. అది 1916లో వచ్చింది. మనస్సాక్షిని బట్టి ఆయుధము పట్టలేమని చెప్పుకొనడానికి ఆ చట్టములోనే ఒక వీలు కూడ కల్పించారు. అయితే ఈయన ఎవరి బలవంతము లేకుండ, ముందే, తనంతట తానుగా వెళ్లారు. నార్త్ స్టాఫర్డ్‌షైర్ రెజిమెంటులో ఆరవ పటాలము మొదటి శ్రేణిలో రైఫిల్ పట్టిన సిపాయిగానే చేరారు. కొంతకాలము గడచిన తరువాత ఆయన మనస్సాక్షి ఒప్పుకొనలేదు. మనుష్యుని చంపడము తన విశ్వాసమునకు విరుద్ధమని ఆయనకు తోచింది. అలాగని ఇంటికి పంపమని అడగలేదు. ఈ ముందు వరుసలోనే ఉంటాను, రైఫిలుకు బదులు స్ట్రెచరు పడతానని ముందుకు వచ్చారు. ఆనాటి నుండి యుద్ధము ముగిసే వరకు ఆయన ఒక్క గుండు కూడ పేల్చలేదు. అయినను ఆ యుద్ధములో బ్రిటిష్ సైన్యమందు అధికారి హోదా లేని సిపాయిలందరిలో అత్యధిక సాహస పతకములు పొందినవాడు ఆయనే.

స్ట్రెచరు మోసేవారి పని ఎటువంటిదో కొంచెము చెప్పవలెను. ఎందుకంటే ఆ పని తెలియకపోతే ఆ పతకముల విలువ తెలియదు.

ప్రతి పటాలములో కొద్దిమందిని ఈ పనికి కేటాయించేవారు. వారి చేతికి ఎస్.బి. అనే రెండు అక్షరముల పట్టీ ఉండేది. తోటి సిపాయిలు కందకములలో నుండి లేచి ముందుకు పరుగెత్తేటప్పుడు వీరు వెనుకగా వెళ్లేవారు. పడిపోయినవానిని వెదకి పట్టుకొని, అతని చొక్కాలో కుట్టి ఉంచిన కట్టు తీసి గాయమునకు కట్టి, రక్తము ఆపి, ఎముక విరిగితే దొరికిన కర్రతోనో తుపాకితోనో బద్దలు కట్టి, స్ట్రెచరు మీద ఎక్కించి పటాలపు డాక్టరు ఉండే స్థలమునకు చేర్చేవారు. అక్కడి నుండి సైనిక వైద్య దళము వారు అందుకొని, కట్లు మార్చే కేంద్రములకు, ఆ తరువాత శస్త్రచికిత్స చేసే గుడారములకు, చివరికి రైలు బండిలో పెద్ద ఆసుపత్రికి పంపేవారు. ఇంత పెద్ద గొలుసు ఉన్నదే, దీనికి మొదటి కొక్కెము ఈ స్ట్రెచరు మోసేవాడే. ఆ కొక్కెము తెగితే వెనుకనున్న గొప్ప డాక్టర్లు, నర్సులు, మందులు, రైళ్లు, ఏవియు ఆ మనిషికి ఉపయోగపడవు.

బురదలేని చోట ఇద్దరు మోయగలిగేవారు. వాన పడి నేల పేడముద్ద వలె మారినప్పుడు నలుగురు, ఒక్కొక్కప్పుడు ఆరుగురు ఎనిమిది మంది పట్టవలసి వచ్చేది. మోసేవాడు పరుగెత్తడానికి వీలులేదు, పరుగెత్తితే పైనున్నవానికి నరకయాతన. వంగి నడవడానికి వీలులేదు, వంగితే స్ట్రెచరు ఒరిగిపోతుంది. గుండ్లు పడుతున్నప్పుడు అందరూ నేలకు కరచుకొని పడుకుంటారు. మోసేవాడు మాత్రము నిలువుగా, నెమ్మదిగా నడవవలెను. రెండు చేతులలోను కర్రలు ఉంటాయి గనుక తనను తాను కాపాడుకొనడానికి చేయి కూడ ఖాళీగా ఉండదు. సహోదరులారా, మేము చాలా ప్రసంగములలో ధైర్యమనే మాట ఎత్తి గొంతు పెంచి చెప్పి ఉన్నాము. నిలువుగా, నెమ్మదిగా, చేతులు ఖాళీ లేకుండ నడవడమే ధైర్యమని ఈ సంగతులు చదివిన తరువాతనే మాకు తెలిసివచ్చింది.

ఇక ఆ పతకముల సంగతి క్లుప్తముగా.

1917 ఫిబ్రవరిలో ఒక రాత్రి వేళ కొందరు సిపాయిలు ఇరుపక్షముల కందకములకు నడుమ ఉన్న స్థలములో ముళ్లకంచె వేయడానికి వెళ్లారు. మంచు విడిపోయి చంద్రుని వెలుగు బయటపడగా శత్రువులు కాల్చారు. అధికారి తొడకు గాయమై అక్కడే పడిపోయాడు. కోల్ట్‌మన్ వెళ్లి ఆయనను తీసుకొని వచ్చారు. దానికి మిలిటరీ మెడల్ ఇచ్చారు. తొడకు గాయమంటే మనము తేలికగా అనుకొనవచ్చు. ఆ రోజులలో తొడ ఎముక విరిగితే బ్రదకడము కష్టము. థామస్ స్ప్లింట్ అనే ఇనుప చట్రమును ముందు వరుసకు దగ్గరగానే కట్టడము అలవాటైన తరువాతనే ఆ మరణములు తగ్గాయి. అదియు గాయపడినవానిని వెంటనే ఎవరో ఒకరు మోసుకొని వస్తేనే గదా!

అదే సంవత్సరము జూన్ నెలలో మందుగుండు నిలువచేసిన చోట శత్రువుల గుండ్లు పడ్డాయి. అంటుకొనే జువ్వలు అక్కడ ఉన్నాయి. వాటిని తీసివేసే పని ఆయన తన మీద వేసుకున్నారు. మరునాడు కంపెనీ ముఖ్యస్థానము మీద గుండ్లు పడితే అక్కడి గాయపడినవారికి ఉపచారము చేశారు. మరికొన్ని దినములకు ఒక సొరంగము కూలి మనుష్యులు మట్టిలో చిక్కుకుంటే, కొందరిని కూడగట్టి తవ్వించి బయటకు తీయించారు. ఈ మూడింటికి కలిపి అదే పతకము రెండవసారి వచ్చింది. ఆ వేసవిలోనే గుండ్ల వాన క్రింద గాయపడినవారిని చేర్చి, రాత్రి అంతయు ఇంకా ఎవరైనా మిగిలి ఉన్నారేమో అని వెదకినందుకు, డిస్టింగ్విష్డ్ కాండక్ట్ మెడల్ అనే పెద్ద పతకము ఇచ్చారు.

ఇంకా ఎవరైనా మిగిలి ఉన్నారేమో అని వెదకడము. ఈ మాట దయచేసి జ్ఞాపకము ఉంచుకొనండి.

ఇప్పుడు 1918 సెప్టెంబరు నెలాఖరుకు వద్దాము. జర్మనులు హిండెన్‌బర్గ్ లైను అనే గొప్ప రక్షణ వరుస కట్టుకొని ఉన్నారు. ఉత్తర ఫ్రాన్సులో సెయింట్ క్వెంటిన్ కాలువ ఆ వరుసలో ఒక భాగము. రెండు ప్రక్కల ఎత్తైన గట్లు, నడుమ నీళ్లు. సెప్టెంబరు 29న, దట్టమైన పొగమంచులో, కోల్ట్‌మన్ ఉన్న 46వ డివిజను ఆ కాలువను దాటింది. ఈదలేనివారి నిమిత్తము ఓడలలో వాడే తేలు పట్టీలు వేల కొద్దీ తెప్పించి సిపాయిలకు కట్టారు. రిక్‌వాల్ అనే చోట ఉన్న వంతెనను జర్మనులు పేల్చివేయబోతుండగా, ఈయన పటాలపు వారే పరుగున వెళ్లి పట్టుకున్నారు. ఆ ఒక్క రోజున ఆ డివిజను 4 వేలకు పైగా ఖైదీలను పట్టింది. నాలుగేండ్లుగా ఎవరికిని చేతకాని పని ఒక ఉదయకాలములో జరిగింది.

ఆ రెండు దినములు కోల్ట్‌మన్ నిద్ర లేకుండ, తిండి సంగతి చూడకుండ గాయపడినవారిని కట్లు కట్టి మోస్తూనే ఉన్నారు. తమకు అప్పగించిన భాగములో గాయపడినవాడు ఒక్కడును మిగలలేదని రూఢిపడేదాకా ఆయన కూర్చోలేదు. ఆ పెద్ద పతకము ఆయనకు రెండవసారి వచ్చింది దీనికే.

అక్టోబరు 2న ఒక ఫొటో తీశారు. ఆ యుద్ధమునకు సంబంధించిన ఫొటోలలో పేరు పొందినది. కాలువ గట్టు నిండా, పైనుండి నీటి అంచు దాకా, సిపాయిలు కిక్కిరిసి కూర్చొని ఉంటారు. కొందరి మెడలలో ఇంకా ఆ తేలు పట్టీలు ఉంటాయి. పైన వంతెన మీద బ్రిగేడియర్ జనరల్ కాంప్‌బెల్ నిలువబడి వారిని అభినందిస్తూ మాట్లాడుతూ ఉంటాడు. అది కోల్ట్‌మన్ ఉన్న బ్రిగేడే. విజయమంటే ఏమిటో చూపవలెనంటే ఆ ఫొటో చూపవచ్చు. ఎంతో సంతోషము, ఎంతో జనము, మధ్యలో ఒక ప్రసంగము. మన శతజయంతి సభ వంటిదే అనుకొనండి.

ఆ మరునాడు, అక్టోబరు 3న, అదే డివిజను మరల ముందుకు నడిచింది. సెకార్ అనే పల్లెకు ఈశాన్యముగా మానెకిన్ గుట్ట అనే ఎత్తు ఉన్నది. అక్కడ పోరు కఠినమైంది. మన వారు నిలువలేక వెనుకకు తగ్గవలసి వచ్చింది. వెనుకకు తగ్గేటప్పుడు ఏమి జరుగుతుందో మీకు తెలుసు. నడవగలిగినవారు వస్తారు. నడవలేనివారు అక్కడే ఉండిపోతారు. ఎవరినీ తప్పు పట్టడానికి లేదు, ప్రాణము మీదికి వచ్చినప్పుడు ఎవరి కాళ్లు వారివి.

గాయపడినవారు అక్కడ మిగిలిపోయారని కోల్ట్‌మన్ చెవిని పడింది. వెళ్లుమని ఎవరును ఆజ్ఞ ఇచ్చినట్లు లేదు. ప్రక్క నుండి మరతుపాకులు కాలుస్తూ ఉండగా ఆయన ఒంటరిగా ఆ గుట్ట వైపు వెళ్లారు. మిగిలిపోయినవారిని కనుగొన్నారు. అక్కడే కట్లు కట్టారు. స్ట్రెచరు పట్టడానికి రెండవ మనిషి లేడు గనుక ఒకని వీపు మీద ఎత్తుకొని తెచ్చారు. దించి మరల వెళ్లారు. రెండవవానిని తెచ్చారు. మరల వెళ్లారు. మూడవవానిని తెచ్చారు. నలుబది ఎనిమిది గంటలు ఎడతెగక ఉపచారము చేశారు. అప్పుడాయన వయస్సు 26 ఏండ్లు. ఈ కార్యమునకు ఇచ్చినది విక్టోరియా క్రాస్. బ్రిటిష్ సైన్యములో దానిని మించిన సాహస పతకము లేదు. 1919 మే 22న బకింగ్‌హామ్ రాజభవనములో అయిదవ జార్జి చక్రవర్తి స్వహస్తములతో దానిని ఆయన రొమ్మున తగిలించారు.

సహోదరులారా, ఒక్కసారి ఆలోచించండి. రిక్‌వాల్ వంతెన పట్టుకున్నది ముందడుగు. అది చరిత్రలో కెక్కింది, ఫొటోలో కెక్కింది. కోల్ట్‌మన్‌కు అన్నిటికంటె పెద్ద పతకము వచ్చినది ఆ ముందడుగు వేసిన దినమున కాదు. అందరు వెనుకకు వస్తున్న దినమున, తానొక్కడు తిరిగి వెళ్లినందుకు.

యుద్ధము ముగిసిన తరువాత బర్టన్ పట్టణము వారు ఆయనకు ఘనముగా స్వాగతము ఇవ్వాలనుకున్నారు. ఆయన ఆ ఆర్భాటము తప్పించుకొని మౌనముగా ఇంటికి చేరారు. మరల మొక్కల పనికే వెళ్లారు. పురపాలక సంఘము వారి తోటలలో పనిచేసి 1963లో విశ్రాంతి తీసుకున్నారు. 1974 జూన్ 29న తన 82వ ఏట ప్రభువునందు నిద్రించారు. విన్స్‌హిల్‌లోని సెయింట్ మార్క్ దేవాలయపు సమాధుల తోటలో భార్య ఎలెనార్‌తో కూడ ఆయనను ఉంచారు.

ఇక్కడ ఒక ప్రశ్న దాటవేస్తే మేము మీకు నిజము చెప్పినట్లు కాదు. యౌవనస్థులు ఈ ప్రశ్న తప్పక అడుగుతారు. గాయపడిన సిపాయిని బాగుచేసి మరల యుద్ధమునకు పంపడము యుద్ధమునకు తోడ్పడడము కాదా? ఆ పోలిక చొప్పున చేతిలో రైఫిల్ లేకపోయినంత మాత్రాన ఆయన నిర్దోషియా? ఇది కొట్టివేయదగిన ప్రశ్న కాదు. అదే ఇంగ్లండులో ఏ విధమైన సైనిక సేవయు చేయమని నిరాకరించి చెరసాలలో మ్రగ్గిన విశ్వాసులు ఉన్నారు. వారి సాక్ష్యము తక్కువది కాదు. కోల్ట్‌మన్ యుద్ధమునే పూర్తిగా త్రోసివేసినవాడని మేము చెప్పము. రెండవ ప్రపంచ యుద్ధ కాలములో ఆయన తన ఊరి యువ కేడెట్లకు కెప్టెనుగా పనిచేశారు. ఆయనను ఎత్తి ఒక సిద్ధాంతపు పీఠము మీద కూర్చోబెట్టడము న్యాయము కాదు.

మాకు తోచినది ఇంతే. ఆయన యుద్ధము మంచిదా చెడ్డదా అని తేల్చి చెప్పలేదు. తనకు అందుబాటులో ఉన్న నేల మీద, పడి ఉన్న ఈ మనిషిని ఏమి చేయవలెనని మాత్రము అడిగారు. దానికి జవాబు తన వీపుతో చెప్పారు. కపెర్నహూములో పక్షవాయువు గలవానిని మంచము మీద మోసుకొని వచ్చి, ఇంటి పైకప్పు విప్పి దింపిన నలుగురి సంగతి మనకందరికి తెలుసు. వారు ఎవరినీ స్వస్థపరచలేదు, బోధ చేయలేదు. ఒక్క మాట మాట్లాడినట్లు కూడ వ్రాయబడలేదు. మోశారు, అంతే. అయినను ప్రభువు వారి విశ్వాసమును చూచెను. వేదాంత కళాశాలలో ఈ భాగము మీద మేము ఎన్నో పేజీలు వ్రాశాము. పాపక్షమాపణ గురించి, మనుష్యకుమారుని అధికారము గురించి వ్రాశాము. ఆ నలుగురి భుజముల గురించి ఒక్క వాక్యము వ్రాసిన జ్ఞాపకము లేదు.

పేరు లేని భుజములు మన చరిత్రలోను ఉన్నాయి. 1899లో దక్షిణాఫ్రికాలో బోయర్ యుద్ధము వచ్చినప్పుడు గాంధీగారు నేటాల్‌లోని భారతీయులతో గాయపడినవారిని మోసే దళము ఒకటి ఏర్పాటు చేశారు. సుమారు 1,100 మంది. అందులో దాదాపు 300 మంది స్వతంత్రులు, మిగిలినవారు చెరకు తోటలకు, గనులకు ఒప్పందము మీద వెళ్లిన కూలీలు. డర్బన్‌లో ఆంగ్లికన్ మిషను నడిపిన డాక్టర్ బూత్ అనే పాదిరిగారు ఆ దళముతో ఉండి సహాయపడ్డారు. 1900 జనవరిలో స్పియన్ కోప్ కొండ దగ్గర ఇంగ్లీషువారు ఓడి వెనుకకు వచ్చినప్పుడు, ఈ దళము గుండ్లు పడే చోటికి కూడ వెళ్లింది. దినమునకు 20, 25 మైళ్లు స్ట్రెచర్లు మోసుకొని నడిచారు. ఆరు వారముల తరువాత దళమును విడిచిపెట్టారు. నాయకులకు యుద్ధ పతకములు ఇచ్చారు. 1860 మొదలు నేటాల్‌కు మద్రాసు రేవులో ఓడలెక్కి వెళ్లిన కూలీలలో తమిళులతో పాటు మన తెలుగువారు ఎందరో ఉన్నారు. ఆ మోసినవారి పేర్లు ఏ పుస్తకములోను మనము చదువుకొనలేదు. బ్రిటిష్ సైన్యమువారు గాయపడినవారిని మోయడానికి వాడిన డోలీ అనే మాట కూడ ఈ దేశపుదే. మన మన్యపు కొండలలో, ఈనాటికీ, బాట లేని గూడెముల నుండి గర్భిణీ స్త్రీలను డోలీ కట్టి రోడ్డు దాకా మోసేవారు ఉన్నారు. వారికి స్ట్రెచరు మోసేవాని సంగతి మేము చెప్పనక్కరలేదు.

ఇంత చెప్పి మా సంగతి చెప్పకపోతే కోల్ట్‌మన్ కథ ఎత్తే యోగ్యత మాకు ఉండదు.

మేము మొదట పనిచేసిన ఒక పల్లె సంఘములో కొత్త దేవాలయము కట్టాము. ఆ కట్టుబడికి ఒక వృద్ధురాలు ఏండ్ల తరబడి కష్టపడింది. ప్రతి శనివారము సంచి పట్టుకొని ఇంటింటికి వెళ్లి పిడికెడు బియ్యము కూడబెట్టేది. తన ఇంట పొయ్యి వెలగని దినమున కూడ తన పిడికెడు తప్పించలేదు. ప్రతిష్ఠ పండుగ దినము వచ్చింది. తోరణములు, బాజాలు, పెద్దలు, దండలు. ఆ ఉదయము ఆమె రాలేదని ఎవరో మాతో అన్నారు. జ్వరమట అన్నారు. సాయంకాలము చూద్దామన్నాము. సాయంకాలము విందు జరిగింది. మరునాడు లెక్కలు చూచుకున్నాము. మూడవ దినమున ఆమె ఇంటికి వెళితే తలుపుకు గొళ్లెము వేసి ఉంది. పండుగ దినము మధ్యాహ్నమే ఆమెకు స్పృహ తప్పితే పేటలోని నలుగురు యువకులు నులక మంచము మీద వేసుకొని మూడు మైళ్లు నడిచి, రోడ్డెక్కి, లారీ ఆపి పట్టణములోని ఆసుపత్రికి చేర్చారట. ఆ నలుగురిలో ఇద్దరు మన సంఘపు వారు కూడ కారు.

ప్రతిష్ఠ నాడు తీసిన ఫొటో ఒకటి మా ఇంట గోడకు ఉండేది. మెట్ల మీద అందరమూ దండలతో నిలువబడి ఉన్నాము. గుడి కట్టించిన ఆమె అందులో లేదు. ఆమెను మోసిన నలుగురు లేరు. సరిగ్గా ఆ ఫొటో తీసే వేళకు వారు ఎండలో, పొలము గట్ల మీద, భుజములు మార్చుకొంటూ నడుస్తూ ఉండవలెను.

దేవుని కృపచేత ఆమె బ్రదికి తిరిగి వచ్చింది. మేము వెళ్లి మంచము ప్రక్కన కూర్చున్నాము. క్షమించమని అడగడానికి మాట పెగలక తల వంచుకొని ఉంటే, ఆమే పలుకరించింది. “అయ్యగారూ, గుడి ఫొటో బాగా వచ్చిందంటగా? నాకూ ఒకసారి చూపించండి” అన్నది. ఎత్తిపొడుపుగా అనలేదు. మనసారా అడిగింది. అందువల్లనే ఆ మాట మమ్మును ఇంతకాలము విడిచిపెట్టలేదు.

ఆ ఫొటో తీసుకొని వెళ్లి చూపించాము. కండ్లు చికిలించి చూచి, గోపురము ఎత్తుగా వచ్చిందని సంతోషించింది. తాను లేదన్న సంగతి ఆమె ఎత్తలేదు. మేము ఎత్తలేకపోయాము.

ప్రియులారా, మన సంఘము నూరేండ్లు ముందుకు నడిచింది. ఎన్నో వంతెనలు పట్టుకున్నది. దానికి దేవునికి స్తోత్రము. ఈ సంచికలో ఫొటోలు ఉంటాయి, ఉండవలెను కూడ. అయితే నూరేండ్ల నడకలో నడవలేక ఆగిపోయినవారు కూడ ఉన్నారు. చందా కట్టలేక రావడము మానుకున్నవారు, ఒక తగవులో మనసు విరిగి మరి తిరిగి రానివారు, ముసలితనములో మంచము పట్టి బల్లారాధనకు నోచుకొననివారు, వలస పోయిన బిడ్డల కొరకు ఎదురుచూచే తల్లులు, తాగుడులో పడి ముఖము చూపలేని సహోదరులు. వారి పేర్లు మన పాత రిజిస్టర్లలోనే ఉన్నాయి. వెదకడానికి దూరము పోనక్కరలేదు.

వారి నిమిత్తము ఒక కమిటీ వేయుడని మేము అడగము. కమిటీ వేస్తే అధ్యక్షుడు కావలెను, కార్యదర్శి కావలెను, మరల ఒక ఫొటో కావలెను. మా మనవి చిన్నది. ఈ ఉత్సవములు ముగిసిన తరువాత వచ్చే వారములో, ఇక్కడ ఉన్న ప్రతి పురుషుడును అటువంటి ఒక్కరి గుమ్మము దగ్గరకు వెళ్లవలెను. ఒక్కరే వెళ్లండి. బోధ చేయకండి. ఇంతకాలము ఎందుకు రాలేదని అడగకండి, ఆ ప్రశ్న వారు మనలను అడగవలసినది. కాసేపు కూర్చొనండి. మోయవలసినది ఏదైనా ఉంటే మోయండి. దించిన తరువాత మరల వెళ్లండి.

కోల్ట్‌మన్ మూడుసార్లు వెళ్లారు. మొదటివానిని తెచ్చినప్పుడే చాలునని ఎవరైనా అని ఉండేవారు, అన్నా తప్పు కాదు. గుట్ట మీద ఇంకా ఇద్దరు ఉన్నారని ఆయనకు తెలుసు. తెలిసిన తరువాత కూర్చొనడము ఆయన చేతకాలేదు.

మనకును తెలుసు, సహోదరులారా.

ప్రభువు మనకందరికి అటువంటి వీపును, అటువంటి కాళ్లను దయచేయును గాక. ఆమేన్.